చార్లెస్ హగ్గిన్స్ - నా ఇంజెక్షన్ వెనక మనిషి

ఈ స్వర్ణోత్సవ సంచికకు నేను మన బడి జ్ఞాపకాలు రాస్తానని కమిటీ మిత్రులు అనుకుని ఉంటారు. వేపచెట్టు కింద క్లాసులు, మధ్యాహ్నం ఉప్మా, లెక్కల మాస్టారి బెత్తం గురించి నాకన్నా బాగా రాయగలిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక డాక్టరుగారి జీవితం రాస్తాను. ఆయన మన ఊరు రాలేదు, మన బడి పేరు వినలేదు. కానీ మన సంఘం సభ్యుల్లో నాకు తెలిసి కనీసం నలుగురం ఆయన కనిపెట్టిన విషయం మీద ఆధారపడి బతుకుతున్నాం. ఆయన పేరు చార్లెస్ బ్రెంటన్ హగ్గిన్స్.

సంఘానికి యాభై ఏళ్లు నిండాయంటే దాన్ని మొదలుపెట్టిన బ్యాచ్‌లవాళ్లం డెబ్బైకి అటూ ఇటూ ఉన్నామన్న మాట. మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సరు ఎక్కువగా బయటపడే వయసు ఇదే. మన సమావేశాల్లో షుగరు, బీపీ, మోకాళ్ల గురించి గొంతెత్తి మాట్లాడుకుంటాం. ఎవరికి ఎన్ని స్టెంట్లు వేశారో లెక్కలు చెప్పుకుంటాం. ఈ ఒక్క జబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కకు పిలిచి చెవిలో అడుగుతారు. అందుకని నా సంగతి ముందే చెప్పేస్తున్నాను. నాలుగున్నరేళ్ల కిందట నడుం నొప్పికి పరీక్షలు చేయిస్తే పీఎస్‌ఏ 86 వచ్చింది. అది 4 లోపు ఉండాలంటారు. బయాప్సీ, బోన్ స్కాన్ అయ్యాయి. క్యాన్సరు అప్పటికే వెన్నెముకలో రెండు చోట్లకు పాకింది. అప్పటి నుంచి మూడు నెలలకోసారి ఇంజెక్షన్ తీసుకుంటున్నాను. ముప్పై ఏళ్లు జువాలజీ లెక్చరరుగా అంతస్స్రావ గ్రంథుల పాఠం చెప్పినవాణ్ణి. ఆ పాఠమే నా ఒంట్లో నడుస్తుంటే, దాన్ని మొదట కనిపెట్టిన మనిషెవరో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

హగ్గిన్స్ 1901 సెప్టెంబరు 22న కెనడా తూర్పు తీరాన, నోవా స్కోషియాలోని హాలిఫాక్స్ అనే రేవు పట్నంలో పుట్టారు. తండ్రి ఫార్మసిస్టు. పందొమ్మిదో ఏట, 1920లో, సొంత రాష్ట్రంలోని అకాడియా యూనివర్సిటీలో బీఏ పూర్తిచేసి అమెరికా వెళ్లి హార్వర్డ్ మెడికల్ స్కూల్లో చేరారు. 1924లో డాక్టరయ్యారు. ఆయన చదువు చివరికొస్తున్న రోజుల్లోనే, 1923లో, భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగి హార్వర్డులో అడుగుపెట్టారు. ఒకే ఊళ్లో ఆ ఏడాది ఉన్న ఇద్దరు కుర్రవాళ్లలో ఒకరు ప్రొస్టేట్ క్యాన్సరుకు హార్మోను వైద్యం కనిపెట్టారు. రెండోవారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ 1940ల చివర్లో పిల్లల రక్త క్యాన్సరుకు మొదటిసారి పనిచేసిన మందు అయింది. నోబెల్ ఒకరికే వచ్చింది. ఆ సంగతి మీద నాకు కోపం ఉంది కానీ అది ఇంకో వ్యాసం.

హార్వర్డ్ తర్వాత హగ్గిన్స్ మిషిగన్ యూనివర్సిటీ ఆస్పత్రిలో సర్జరీ నేర్చుకున్నారు. అక్కడే ఆపరేషన్ థియేటరు నర్సు మార్గరెట్ వెల్‌మన్‌తో పరిచయమై 1927లో పెళ్లి చేసుకున్నారు. ఒక కొడుకు, ఒక కూతురు. అదే ఏడాది షికాగో యూనివర్సిటీ కొత్తగా పెట్టిన వైద్య కళాశాలలో మొదటి విడత అధ్యాపకుల్లో ఒకరిగా చేరారు. సర్జరీ విభాగానికి పెద్ద డల్లాస్ ఫెమిస్టర్. ఆయన ఈ కుర్ర సర్జన్‌ని పిలిచి మూత్రకోశ వ్యాధుల శాఖ చూసుకోమన్నారు. హగ్గిన్స్‌కు ఆ శాఖలో అనుభవం లేదు. పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నారు. కొత్తగా పెట్టిన కాలేజీల్లో ఇది మామూలే. నేను చేరిన కాలేజీలో ఏడాదిపాటు బాటనీ కూడా నాచేతే చెప్పించారు. తేడా ఏమిటంటే, నేను ఆ ఏడాది గట్టెక్కించాను, హగ్గిన్స్ ఆ శాఖ రూపమే మార్చేశారు.

1930, 31 ప్రాంతంలో ఆయన యూరప్ వెళ్లివచ్చారు. లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ రాబిసన్ అనే రసాయన శాస్త్రవేత్త ఎముక పెరుగుదలలో ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పాత్ర మీద పనిచేస్తున్నారు. బెర్లిన్‌లో ఓటో వార్బుర్గ్ ఉన్నారు. కణాల శ్వాసక్రియ మీద ఆయన చేసిన పనికి 1931లో నోబెల్ వచ్చింది. ఈ ప్రయాణం హగ్గిన్స్ జీవితంలో మలుపని నాకనిపిస్తుంది. కత్తి పట్టే చేతికి కొలత అలవాటైంది. మూత్రాశయం లోపలి పొరను కుక్క శరీరంలో ఇంకో చోట నాటితే అక్కడ ఎముక పుడుతుందని ఆయన చూపించినది కూడా ఆ రోజుల్లోనే. అది వింతగా కనిపించినా, ఎముక, ఫాస్ఫటేజ్ అనే రెండు మాటలు పదేళ్ల తర్వాత ఆయనకు అక్కరకొచ్చాయి.

ఇక ప్రొస్టేట్. పాఠ్యపుస్తకాల్లో పౌరుష గ్రంథి అని చదువుకున్నాం. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. బీజకణాలు ఈదడానికి కావలసిన ద్రవంలో కొంత భాగం ఇదే తయారుచేస్తుంది. వయసు మీదపడేకొద్దీ చాలామందిలో ఇది ఉబ్బుతుంది. ఆ ఉబ్బు అంతా క్యాన్సరు కాదు, కొందరిలో మాత్రం క్యాన్సరు పుడుతుంది. మామూలు జంతువుల్లో మనిషికి లాగా ముసలితనంలో ప్రొస్టేట్ జబ్బులొచ్చేది కుక్కకే. హగ్గిన్స్ అందుకే కుక్కల్ని ఎంచుకున్నారు. 1930ల చివర్లో ఒక చక్కని ఆపరేషన్ కనిపెట్టారు. కుక్క ప్రొస్టేట్‌ను మూత్రం దారి నుంచి వేరుచేసి, అందులోంచి వచ్చే ద్రవం కల్తీ లేకుండా బయటికి వచ్చేట్టు చేశారు. ఇక రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వస్తున్నదో కొలవడమే. వృషణాలు తీసేస్తే ద్రవం ఆగిపోయింది. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ ఊరింది. ఈస్ట్రోజన్ ఇస్తే మళ్లీ తగ్గింది. ముసలి కుక్కల్లో ఉబ్బిన గ్రంథి, వృషణాలు తీశాక కుంచించుకుపోయింది.

పల్లెల్లో పెరిగిన మనకు ఇది అంత ఆశ్చర్యం కాదు. కోడెను ఎద్దుగా మార్చాక దాని మెడ, మూపురం, పొగరు ఎలా మారతాయో చిన్నప్పుడు చూశాం. ఒక చోట తీసింది ఒళ్లంతా తెలుస్తుంది. ఆశ్చర్యం తర్వాతి మెట్టులో ఉంది. క్యాన్సరు కణం ఎవరి మాటా వినదని, శరీరం అదుపు తప్పి తనంతట తాను పెరుగుతుందని అప్పటి వైద్యుల గట్టి నమ్మకం. గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్ 1896లోనే అండాశయాలు తీసేస్తే రొమ్ము క్యాన్సరు కొందరిలో వెనక్కి తగ్గుతుందని చూపించారు. ఆ మాట ఒక మూలన ఉండిపోయింది. క్యాన్సరైపోయిన ప్రొస్టేట్ కణం కూడా తన పాత అలవాటు మరవకపోతే ఎలా ఉంటుంది అన్నది హగ్గిన్స్ ప్రశ్న. అది ఇంకా టెస్టోస్టిరాన్ తిని బతుకుతున్నదైతే, ఆ తిండి ఆపేస్తే?

దీన్ని రోగిలో కొలవడమెలా? ఇక్కడే ఫాస్ఫటేజ్ పనికొచ్చింది. న్యూయార్క్‌లో గుట్‌మన్ దంపతులు ప్రొస్టేట్ క్యాన్సరు ఎముకలకు పాకినవాళ్ల రక్తంలో ఆసిడ్ ఫాస్ఫటేజ్ పెరుగుతుందని అప్పటికే చూపించి ఉన్నారు. ఇవాళ మనం పీఎస్‌ఏ చూసుకున్నట్టు ఆ రోజుల్లో అది కొలమానం. హగ్గిన్స్, ఆయన దగ్గర పనిచేస్తున్న క్లారెన్స్ హాడ్జెస్ కలిసి ముదిరిన రోగుల్లో వృషణాలు తీసేశారు, కొందరికి ఈస్ట్రోజన్ ఇచ్చారు. ఎంజైము పడిపోయింది. టెస్టోస్టిరాన్ ఇస్తే పెరిగింది. 1941లో అచ్చైన ఆ వ్యాసం నేను చదివాను. అందులో ఆర్భాటమేమీ లేదు. గ్రాఫులు, అంకెలు. అదే ఏడాది ఇంకో వ్యాసంలో వృషణాలు తీసిన 21 మంది రోగుల సంగతి చెప్పారు. ఎముకల నొప్పితో మంచం పట్టి, మత్తుమందు మీద రోజులు నెడుతున్నవాళ్లలో కొందరు కొద్ది రోజుల్లో లేచి కూర్చున్నారు. ఆకలి పుట్టింది, బరువు పెరిగారు. ఆ 21 మందిలో కొందరు పన్నెండేళ్లకు పైగా బతికారు. అందరికీ అలా కాలేదు. చాలామందిలో కొన్నాళ్లకు జబ్బు తిరగబెట్టింది. ఆ రెండో మాట ఆయన ఎప్పుడూ దాచలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే ఈ వైద్యం ఆస్పత్రుల్లోకి పాకింది. కారణం ఒకటే, చవక. చిన్న ఆపరేషన్, లేదా ఒక మాత్ర. స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను లండన్‌లో చార్లెస్ డాడ్స్ 1938లోనే తయారుచేశారు, దానికి పేటెంటు తీసుకోలేదు. హార్మోన్లను అణిచే మందుల వంశంలో మొదటిది అదే. అదెలా పనిచేస్తుందో చెప్పాలంటే నన్ను కాసేపు మళ్లీ లెక్చరరు కానివ్వండి.

మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఉంది. దాని కింద పీయూష గ్రంథి. హైపోథలామస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే కబురు గంట, గంటన్నరకోసారి పీయూష గ్రంథికి అందుతుంది. అది అందుకుని పీయూష గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోను రక్తంలోకి వదులుతుంది. ఎల్‌హెచ్ వృషణాలకు చేరి టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. మగవాడి ఒంట్లో టెస్టోస్టిరాన్‌లో తొంభై శాతానికి పైగా అక్కడిదే, మిగతాది మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథుల పుణ్యం. రక్తంలో టెస్టోస్టిరాన్ ఎక్కువైతే పైవాళ్లకు తెలిసి కబురు తగ్గిస్తారు. ఈస్ట్రోజన్ చేసే పని ఇదే. ఒంట్లో హార్మోను కావలసినంత ఉందని పైవాళ్లను నమ్మించి ఎల్‌హెచ్‌ను ఆపిస్తుంది. వృషణాలు ఉన్నచోటే ఉంటాయి, పని మానేస్తాయి. కత్తి చేసిన పనే మాత్ర చేస్తుంది. అయితే మాత్ర ఊరికే పోదు. రక్తం గడ్డకట్టడం, గుండెపోట్లు ఎక్కువయ్యాయని 1960ల్లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో జరిగిన అధ్యయనం తేల్చింది. క్యాన్సరుతో పోవలసినవాళ్లు కొందరు గుండెపోటుతో పోయారు. మోతాదు తగ్గించారు, తర్వాత దాదాపు మానేశారు.

నేను తీసుకునే ఇంజెక్షన్ లూప్రోలైడ్. ఇది హగ్గిన్స్ చేసింది కాదు, ఆయన తెరిచిన దారిలో వచ్చింది. న్యూ ఆర్లియన్స్‌లో ఆండ్రూ షాలీ బృందం లక్షన్నరకు పైగా పందుల హైపోథలామస్‌లు పోగేసి, 1971లో జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణం తేల్చింది. పది అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. రోజే గిల్మన్ బృందం గొర్రెలతో అదే పని చేసింది. ఇద్దరికీ 1977లో నోబెల్ వచ్చింది. ఆ గొలుసులో ఒకటి రెండు చోట్ల మార్పు చేస్తే త్వరగా విరిగిపోని, ఇంకా గట్టిగా పట్టుకునే నకలు తయారవుతుంది. లూప్రోలైడ్ అలాంటి నకలే. అమెరికాలో 1985లో అనుమతి వచ్చింది.

ఇందులో ఒక తమాషా ఉంది. కబురు ఆపవలసిన చోట కబురు లాంటి మందునే ఎక్కువ ఇస్తారు. దీన్ని మా పిల్లలకు మన బడి గంటతో చెప్పేవాణ్ణి. పీరియడుకోసారి కొడితే గంటకు విలువ. రోజంతా ఆగకుండా కొడుతూనే ఉంటే? మొదట్లో పిల్లలంతా గోలగా బయటికి పరిగెడతారు. కాసేపటికి ఎవరూ తల కూడా ఎత్తరు. పీయూష గ్రంథి కూడా అంతే. గంటన్నరకోసారి వచ్చే కబురుకు అలవాటుపడ్డ గ్రంథికి ఎడతెగకుండా కబురు వస్తే, మొదటి వారం పదిరోజులు ఎల్‌హెచ్, దాంతో టెస్టోస్టిరాన్ పైకెగురుతాయి. తర్వాత ఆ కబురు పట్టుకునే గ్రాహకాలను గ్రంథి లోపలికి లాక్కుంటుంది. మూడు నాలుగు వారాల్లో టెస్టోస్టిరాన్ వృషణాలు తీసేసినంత అడుగుకు దిగుతుంది. మొదట్లో పరిగెత్తే ఆ పిల్లలు ప్రమాదం. వెన్నెముకలో జబ్బున్నవాడికి ఆ పది రోజుల్లో గడ్డ పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోవచ్చు. అందుకే నాకు ఇంజెక్షన్‌కు ముందు నుంచి కొన్ని వారాలపాటు బైకాలుటమైడ్ మాత్రలు వేశారు. అది టెస్టోస్టిరాన్‌ను తగ్గించదు, క్యాన్సరు కణంలో అది కూర్చునే చోటును ఆక్రమిస్తుంది. కుర్చీలో ముందే ఎవరో కూర్చుంటే వచ్చినవాడు నిలబడే ఉండాలి. ఇప్పుడు గంట కొట్టకుండానే తలుపు మూసే మందులు కూడా ఉన్నాయి. డెగరెలిక్స్ ఇంజెక్షన్, రెలుగోలిక్స్ మాత్ర. వాటికి ఈ మొదటి పరుగు ఉండదు.

ఇంజెక్షనా, ఆపరేషనా అన్నది మన దేశంలో చాలా ఇళ్లలో డబ్బుతో తేలే ప్రశ్న. ఆపరేషన్ ఒక్కసారితో పోతుంది, ఖర్చు తక్కువ, తారీఖులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మన బ్యాచ్ మిత్రుడొకడు అదే చేయించుకుని, నా ఇంజెక్షన్ బిల్లు చూసి నవ్వుతుంటాడు. ఫలితంలో రెండూ ఒకటే. నేను ఇంజెక్షన్ ఎంచుకోవడానికి శాస్త్రీయ కారణం లేదు, మనసు ఒప్పుకోలేదు. హగ్గిన్స్ చేసిన ఆపరేషన్‌కు ఎనభై ఏళ్ల క్రితం ఒప్పుకున్న ఆ 21 మంది గురించి అప్పుడప్పుడు ఆలోచిస్తాను. వాళ్లకు ముందు ఉదాహరణ ఎవరూ లేరు.

హార్మోను తగ్గితే ఏమవుతుందో కూడా రాయాలి, ఎందుకంటే చెవిలో అడిగేది అదే. కోరిక తగ్గిపోతుంది. కండ కరుగుతుంది, పొట్ట పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి, షుగరు అదుపు తప్పవచ్చు. ఒక్కసారిగా ఒంట్లోంచి ఆవిర్లు లేచి చెమట పడుతుంది. రోహిణి కార్తెలో ఆ వేడి సూర్యుడిదో నాదో తెలిసేది కాదు. మా ఆవిడ యాభయ్యో ఏట ఇవే ఆవిర్లతో సతమతమవుతుంటే ఫ్యాను పెంచుకోమని చెప్పి నేను పేపరు చదువుకున్నానట. ఈ సంగతి ఆమె నాకు నెలకోసారైనా గుర్తుచేస్తుంది. రోజూ నడుస్తున్నాను, చిన్న బరువులు ఎత్తుతున్నాను, క్యాల్షియం, విటమిన్ డి వేసుకుంటున్నాను. పీఎస్‌ఏ ఎనిమిది నెలల్లో 0.4కు దిగింది. నడుం నొప్పి మొదటి నెలలోనే పోయింది.

నొప్పి పోవడమే కొందరికి ముప్పవుతుంది. మా బంధువుల్లో ఒకాయన ఏడాది ఇంజెక్షన్లు తీసుకుని, ఒళ్లు బాగుంది కదా అని ఎవరితోనూ చెప్పకుండా మానేశారు. తిరిగి ఆస్పత్రికి చేరేనాటికి కాళ్లు కదలలేదు. కొందరికి డాక్టర్లే లెక్కచూసి విరామం ఇస్తారు, అది వేరు. ఈ వైద్యం క్యాన్సరును పీకి పారెయ్యదు, పస్తు పెడుతుంది. తిండి దొరికితే అది లేస్తుంది.

దొరక్కపోయినా కొన్నాళ్లకు లేస్తుంది. హగ్గిన్స్‌ను 1941 తర్వాత వేధించిన ప్రశ్న ఇదే. వృషణాలు తీసేసిన మనిషిలో జబ్బు ఎందుకు తిరగబెడుతోంది? మిగిలిన ఆ కొద్ది శాతం హార్మోను ఎక్కడిది? ఆయన వేలు అధివృక్క గ్రంథుల వైపు చూపింది. 1945లో కొందరు రోగుల్లో ఆ రెండు గ్రంథులూ తీసేశారు. అవి లేకుండా మనిషి బతకడం కష్టం, ఒంట్లో ఉప్పు, రక్తపోటు నిలబెట్టేది అవే. వాటికి బదులు ఇవ్వడానికి అప్పట్లో సరైన మందు లేదు. ఆ రోగులు ఎక్కువ కాలం బతకలేదు. ఆయన ఆ పని ఆపి ఎదురుచూశారు. కార్టిసోన్ చేతికొచ్చాక, 1950ల మొదట్లో, బెర్గెన్‌స్టాల్‌తో కలిసి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి రోగులు నిలబడ్డారు. ముదిరిన రొమ్ము క్యాన్సరున్న స్త్రీలలో కూడా ఈ ఆపరేషన్ కొందరికి ఉపశమనం ఇచ్చింది. ఈ ఘట్టం ఆయన జీవిత కథల్లో రెండు వాక్యాల్లో పోతుంది. నాకు మాత్రం ఇదే ముఖ్యం. ఎందుకో చివర్లో చెబుతాను.

1951లో అలబామా రాష్ట్రం మొబీల్‌కు చెందిన కలప వ్యాపారి బెన్ మే ఇచ్చిన డబ్బుతో షికాగో యూనివర్సిటీలో క్యాన్సరు పరిశోధనకు బెన్ మే లేబొరేటరీ ఏర్పడింది. హగ్గిన్స్ 1969 దాకా దానికి డైరెక్టరు. పెద్ద బలగం పెట్టుకోవడం ఆయనకిష్టం ఉండేది కాదు. డైరెక్టరయ్యాక కూడా తన చేత్తో తాను ప్రయోగాలు చేసేవారు. పక్కన బాఖ్, మొజార్ట్ సంగీతం ఆయనకు తోడు. ఆ చిన్న చోట పనిచేసినవాళ్లను చూడండి. ఎల్వుడ్ జెన్సెన్ ఈస్ట్రోజన్ గ్రాహకం కనిపెట్టారు. ఇవాళ రొమ్ము క్యాన్సరు రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని రాసేది దాని గురించే. షుత్‌సుంగ్ లియావ్ 1960ల చివర్లో మగ హార్మోను గ్రాహకం మీద తొలి ఆధారాలు తెచ్చారు. ప్రొస్టేట్ కణంలోకి వెళ్లిన టెస్టోస్టిరాన్ ఇంకా శక్తిమంతమైన రూపంగా మారి, ఆ గ్రాహకాన్ని పట్టుకుని కేంద్రకంలోకి వెళ్లి పెరుగుదల జన్యువులను లేపుతుంది. 1941లో హగ్గిన్స్ రక్తంలో కొలిచినదానికి లోపలి కారణం పాతికేళ్లకు ఆయన ల్యాబులోనే దొరికింది. ఒక మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

1966లో నోబెల్ వచ్చింది. సగం ఆయనకు, సగం పేటన్ రౌస్‌కు. రౌస్ 1911లో కోళ్లలో క్యాన్సరు కలిగించే వైరస్‌ను చూపించినవారు, బహుమతి అందేనాటికి వయసు 87. వాళ్ల పక్కన పాతికేళ్లే ఆగిన హగ్గిన్స్ అదృష్టవంతుడే అనాలి. క్యాన్సరు పనికి అంతకు ముందు నోబెల్ ఇచ్చింది 1926 సంవత్సరానికి, ఫిబిగర్ అనే ఆయనకు. పురుగుల వల్ల క్యాన్సరు వస్తుందన్న ఆ సిద్ధాంతం తర్వాత తప్పని తేలింది. ఆ చేదు అనుభవంతో కమిటీ నలభై ఏళ్లు ఈ వైపు చూడలేదు కాబోలు.

తర్వాత 1972 నుంచి 1979 దాకా, తాను చదువుకున్న అకాడియా యూనివర్సిటీకి ఛాన్సలరుగా ఉన్నారు. పూర్వ విద్యార్థుల సంచికలో ఇది తప్పక రాయవలసిన వాక్యం. 1983లో మార్గరెట్ పోయారు. ఆయన ముసలితనంలోనూ ల్యాబుకు వెళ్లడం మానలేదు. మొదట్లో నాటిన ఎముక విత్తనం మీదికి మళ్లీ వెళ్లారు. ఎముక పొడిని చర్మం కింద పెడితే కొత్త ఎముక ఎలా పుడుతుందన్నది ఆయన చివరి కాలపు పని. 1997 జనవరి 12న షికాగోలో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇక నేను చివరికి దాచుకున్న సంగతి. గత వేసవి నుంచి నా పీఎస్‌ఏ కదలడం మొదలుపెట్టింది. 0.4 కాస్తా 0.9, తర్వాత 2.3. టెస్టోస్టిరాన్ మాత్రం అడుగునే ఉంది. అంటే పస్తులో ఉన్న కణాలు కొన్ని వేరే దారి వెతుక్కున్నాయి. అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే ముడిసరుకుతో తమ తిండి తామే వండుకుంటాయి, లేదా గ్రాహకాలు పెంచుకుని కొద్ది మెతుకులతోనే సరిపెట్టుకుంటాయి. డాక్టరుగారు ఇంజెక్షన్ కొనసాగిస్తూనే అబిరాటెరోన్ మాత్రలు మొదలుపెట్టారు. లండన్‌లో 1990ల్లో పుట్టి 2011లో అనుమతి పొందిన మందు ఇది. వృషణాల్లో, అధివృక్క గ్రంథుల్లో, చివరికి క్యాన్సరు కణంలో కూడా ఈ హార్మోన్లు తయారుచేసే ఒక ఎంజైమును మూసేస్తుంది. దానితో పాటు రోజూ ప్రెడ్నిసొలోన్ వేసుకోవాలి, లేకపోతే ఒంట్లో ఉప్పు, రక్తపోటు లెక్క తప్పుతాయి. చీటీ చూడగానే నాకు 1945 గుర్తొచ్చింది. హగ్గిన్స్ కత్తితో తీసిన ఆ గ్రంథులనే నేను మాత్రతో పడుకోబెడుతున్నాను. ఆయన ఎదురుచూసిన కార్టిసోన్‌కు దగ్గరి చుట్టమైన మందునే పక్కన మింగుతున్నాను. మూడో నెల పరీక్షలో పీఎస్‌ఏ 0.8. ఇదెంత కాలమో డాక్టరుగారు చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత వెయ్యడానికి ఇంకో రెండు మందుల పేర్లు మాత్రం కాగితం మీద రాసి ఇచ్చారు.

ఈ మాత్రలు నాలుగూ పరగడుపునే వేసుకోవాలి, గంటదాకా ఏమీ తినకూడదు. కనుక సమావేశం నాడు ఉదయం ఇడ్లీలు నాకు తొమ్మిది దాటాక పెట్టమని కమిటీవారికి మనవి. ఈలోగా ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే నేను స్టేజీ పక్కన వేపచెట్టు కింద ఉంటాను. చెవిలో అడగనక్కర్లేదు, నాకు ఆ చెవి సరిగా వినపడదు కూడా.